పత్తికొండ ఫైలు: మొదటి మాత్రకు ముందు నాలుగున్నర నెలలు

ఈ కేసు ఏ ఒక్క జంటదీ కాదు. ఒకే రకం చిక్కులతో వచ్చిన రెండు మూడు జంటల వివరాలు కలిపి, గుర్తుపట్టే సంగతులు మార్చి రాసింది. సంతానం కోసం చికిత్స మొదలుపెట్టే ముందు భార్యాభర్తలిద్దరినీ ఎలా సిద్ధం చేయాలి, ఆ సమయంలో ఏవి ఎందుకు తప్పుతాయి అన్నదే ఇందులో విషయం.

ఆమెకు 27 ఏళ్లు, ఆయనకు 33. పత్తికొండ పక్క పల్లె, పెళ్లయి ఆరేళ్లు. ఆయన టమోటా లోడు బండి తోలతాడు. ఆమె కుట్టుమిషన్ పెట్టుకుంది, సీజన్లో కూలికీ పోతుంది. ఆయన ఆమెకు సొంత మేనమామ. అందుకే మొగుణ్ని 'మామ' అంటుంది, అత్తను చిన్నప్పట్నుంచి పిలిచినట్టే 'అవ్వ' అంటుంది. ఇలాంటి ఇళ్లలో కోడల్ని నిందించడానికి నోరు రాదు, మనవరాలే కదా. అలాగని విషయం బయటపెట్టి మాట్లాడుకోవడమూ ఉండదు. ఆరేళ్లు అలాగే గడిచాయి.

జూన్ మొదటి వారంలో కర్నూలుకు, మా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ల చేతిలోని ప్లాస్టిక్ కవర్లో 15 కాగితాలున్నాయి. 14 ఆమె పేరున, ఒకటి ఆయన పేరున. ఆయన కాగితం వీర్య పరీక్ష రిపోర్టు: పరిమాణం 0.8 మిల్లీలీటరు, మిల్లీలీటరుకు 60 లక్షల కణాలు, చురుగ్గా ముందుకు కదిలేవి 9 శాతం. దాని మీద ఎవరో పెన్నుతో 'ఇక్సీ, హైదరాబాద్' అని రాసిచ్చారు. ఇక్సీ అంటే ల్యాబులో ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే చికిత్స. నాలుగు తులాల బంగారం బ్యాంకులో కుదువ పెట్టడానికి మాట్లాడుకొని మరీ వచ్చారు. బంగారం సంగతి రెండో రిపోర్టు వచ్చేదాకా ఆపమన్నాం. ఆ రోజు మేమిచ్చిన మొదటి సలహా అదే.

ఆరేళ్లంటే ఎన్ని నెలలు?

పరీక్షల కంటే ముందు నెలలు లెక్కపెట్టాం. పశ్చిమ కర్నూలు జంటల విషయంలో ఇది తప్పనిసరి. పెళ్లయి ఆరేళ్లంటే 72 నెలలు. మొదటి రెండేళ్లు ఆయన బళ్లారిలో పనిచేస్తూ నెలకు మూడు నాలుగు రోజులే ఇంటికొచ్చేవాడు. ఏటా సంక్రాంతి దాటగానే ఆమె అవ్వతో కలిసి సుగ్గికి, గుంటూరు వైపు మిరపకోతకు పోతుంది. తిరిగొచ్చేది ఉగాది దగ్గర పడ్డాకే. టమోటా ముమ్మరంగా ఉన్నప్పుడు ఆయన రాత్రిళ్లు ఇంట్లో ఉండడు. కాగితం మీద గీసి చూస్తే ఇద్దరూ నిజంగా కలిసున్న కాలం 26 నెలలు తేలింది.

ఆమెకు నెలసరి 45 నుంచి 60 రోజులకొకసారి వస్తుంది. 26 నెలలకు పట్టుమని 15 నెలసర్లు. అందులో అండం విడుదలైనవి ఇంకా తక్కువ ఉంటాయి. గర్భం నిలిచే అవకాశం ఉండేది అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. అంటే ఆరేళ్ల పెళ్లిలో దొరికిన అసలు అవకాశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఏడాది పాటు క్రమంగా కలిసున్నా గర్భం రాకపోతే, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే, పరీక్షలు చేయాలన్నది నియమం. వీళ్లు ఆ గీత దాటారు, చికిత్స అవసరమే. అయితే 'ఆరేళ్లుగా ప్రయత్నిస్తున్నారు' అని ఫైలు మీద రాస్తే అది తప్పు అంకె. తప్పు అంకె చూసి పెద్ద చికిత్సకు తొందరపెట్టడం సులువు.

అంతకుముందు మరోచోట నాలుగు నెలసర్లకు అండం పెరిగే మాత్రలు వాడారు. అందులో రెండుసార్లు డాక్టరు చెప్పిన రోజుల్లో ఆయన విజయవాడ మార్కెట్లో సరుకు దించుతున్నాడు. కాబట్టి ఆ 'నాలుగు విఫల చికిత్సలు' కూడా నిజానికి రెండే.

ఆ ఒక్క కాగితం

వీర్య పరీక్ష రిపోర్టు చేతికొస్తే అంకెల కంటే ముందు మూడు గళ్లు చూడాలి: ఎన్ని రోజులు ఎడంగా ఉన్నారు, సేకరించింది ఎన్ని గంటలకు, పరీక్ష చేసింది ఎన్ని గంటలకు. ఆయన రిపోర్టులో మూడూ ఖాళీ. అడిగితే కథంతా బయటికొచ్చింది. పన్నెండు రోజులు ఎడంగా ఉన్నాడు. తెల్లవారుజామున ఐదింటికి ఇంట్లోనే సీసాలో పట్టాడు, మొదట్లో కొంత కింద పడింది. కర్నూలుకు లోడు ఎలాగూ ఉంది కదా అని సీసాను నల్ల కవర్లో చుట్టి, క్లీనర్ కంట పడకుండా ఇంజన్ పక్కనున్న పెట్టెలో పెట్టాడు. లోడు దించి ల్యాబుకు చేరేసరికి తొమ్మిది దాటింది. అది మే నెల.

ఇందులో నాలుగు తప్పులున్నాయి. రెండు నుంచి ఏడు రోజులు ఎడంగా ఉండాలి. అంతకు మించితే పాతబడిన, కదలని కణాలు పేరుకుంటాయి. కణాలు ఎక్కువగా ఉండేది మొదట వచ్చే భాగంలోనే. అది పోతే మిగిలింది ఎంత పరీక్షించినా లాభం లేదు, పడిపోయిందని చెప్పి మరో రోజు ఇవ్వాలి. నమూనా అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంట లోపల, పరీక్షకు చేరాలి. దారిలో మరీ వేడిగానూ మరీ చల్లగానూ ఉండకూడదు, అందుకే చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి తెమ్మంటాం. నాలుగు గంటలు ఇంజన్ పక్కన ఉడికిన నమూనాలో 9 శాతం కదిలాయంటే ఆశ్చర్యపోవాల్సింది అందుకే.

ఈ నాలుగింటి కంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఏప్రిల్‌లో ఆయనకు టైఫాయిడ్ వచ్చి పది రోజులు జ్వరం కాసింది. వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది, బయటికి చేరడానికి ఇంకొన్ని రోజులు. మే నెల నమూనాలోని కణాలు ఆ జ్వరంలో తయారైనవే. జ్వరం తగ్గి రెండున్నర, మూడు నెలలు గడిస్తే గానీ అసలు లెక్క తెలియదు. అందుకే రెండో పరీక్ష ఆగస్టు మూడో వారానికి పెట్టాం.

ఈలోగా ఆయన్ను పడుకోబెట్టి చేతితో చూశాం. మగవాళ్ల విషయంలో ఎక్కువగా ఎగ్గొట్టే పరీక్ష ఇదే. వృషణాల పరిమాణం మామూలుగా ఉంది, వీర్యనాళాలు రెండూ చేతికి తగిలాయి, ఉబ్బిన సిరలేవీ తగల్లేదు. ఆ తర్వాత బయట చేయించుకొచ్చిన డాప్లర్ స్కాన్‌లో మాత్రం 'వేరికోసీల్', అంటే వృషణాల దగ్గర సిరల ఉబ్బు, అని రాసుంది, ఆపరేషన్ చేయించుకోమని ఒకరు సలహా కూడా ఇచ్చారు. చేతికి తగలకుండా స్కాన్‌లో మాత్రమే కనిపించే వేరికోసీల్‌కు ఆపరేషన్ అక్కర్లేదు, వద్దన్నాం. హార్మోన్ పరీక్షలు కూడా అప్పుడే రాయలేదు. కోటి లోపు కౌంటు సరైన నమూనాలో కూడా వస్తే అప్పుడు రాయొచ్చు. నెలకు 1,500 రూపాయలు పోసి కొంటున్న 'కౌంటు పెంచే' మాత్రలు ఆపేయమన్నాం. వాటికున్న ఆధారం అంతంత మాత్రం, ఆ డబ్బు గుడ్లకూ పప్పుకూ పెడితే ఇద్దరికీ పనికొస్తుంది.

ఒక ప్రశ్న మాత్రం ప్రతి మగమనిషినీ అడుగుతాం: బలానికని ఎవరైనా ఇంజక్షన్లు వేశారా? ఆయనకు వేయలేదు. అది టెస్టోస్టిరాన్ అయితే మెదడు నుంచి వృషణాలకు వచ్చే సంకేతం ఆగిపోతుంది, కౌంటు సున్నాకు కూడా పడొచ్చు, కోలుకోవడానికి నెలలు పడుతుంది. మగతనం పెరుగుతుందని వేయించుకున్న మందే పిల్లలు పుట్టకుండా చేస్తుందని చాలామందికి తెలియదు.

గుట్కా రోజుకు పది పన్నెండు ప్యాకెట్లు. ఒక తేదీ పెట్టుకొని మానేయమని, 2 మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్ గమ్ ఇచ్చాం. పొగాకు మానేవాళ్ల కోసం ఉన్న ఉచిత నంబరు 1800 112 356 ఫోన్లో ఎక్కించాం. పగలు సులువుగానే మానాడు. రాత్రి డ్రైవింగ్‌లో నిద్ర ఆపుకోవడానికి రెండుసార్లు మళ్లీ నోట్లో వేశాడు. అక్కడ సమస్య పొగాకు ఒక్కటే కాదు, నిద్ర కూడా. వారానికి రెండు రాత్రి లోడ్లు తమ్ముడికి అప్పగించాకే గుట్కా ఆగింది. సీటు మీద రెక్సిన్ తీసేసి చెక్కపూసల కవరు వేయడం, రెండు గంటలకోసారి దిగి పది నిమిషాలు నడవడం, బిగుతు జీన్స్ బదులు లుంగీయో వదులు ప్యాంటో. వీటికి ఖర్చేమీ లేదు, వేడి తగ్గుతుంది. ఎంత లాభం అని అంకెలో చెప్పలేం.

ఆగస్టులో ల్యాబులోనే నమూనా ఇవ్వమంటే మొదటిసారి ఇవ్వలేక తిరిగొచ్చాడు. బయట జనం, గడియ సరిగా పడని తలుపు. ఇది తరచూ జరిగేదే, ఎవరూ ముందుగా చెప్పరు గనుక మగవాడు సిగ్గుతో మళ్లీ రాడు. మర్నాడు ముందే మాట్లాడి, జనం రాకముందు, గదిలోకి భార్యను కూడా పంపితే పనైంది. సబ్బు, నూనె, ఉమ్మి, మామూలు కండోమ్ ఏవీ వాడొద్దని మళ్లీ చెప్పాం, అవన్నీ కణాల కదలికను దెబ్బతీస్తాయి.

రెండో రిపోర్టు: 3 రోజుల ఎడం, 2.2 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 2.1 కోట్లు, ముందుకు కదిలేవి 27 శాతం, సరైన ఆకారం 4 శాతం. నాలుగు వారాల తర్వాత మూడోది: 2 మిల్లీలీటర్లు, 2.4 కోట్లు, 31 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కింది హద్దులు 1.4 మిల్లీలీటర్లు, 1.6 కోట్లు, 30 శాతం, 4 శాతం. ఈ హద్దులు పరీక్షలో పాస్ మార్కుల్లాంటివి కావు. ఏడాదిలోపే భార్యకు గర్భం నిలిచిన మగవాళ్లలో కూడా నూటికి ఐదుగురు వీటికి కిందే ఉన్నారు. మొత్తం మీద కదిలే కణాలు కోటీ ఇరవై లక్షలు దాటాయి. శుద్ధి చేసి గర్భాశయంలోకి పంపే ఐయూఐకి ఇది సరిపోతుంది. ఇక్సీ అవసరం ప్రస్తుతానికి లేదు. ఈ మార్పు గుట్కా మానడం వల్ల వచ్చిందా, జ్వరం పోవడం వల్లా, సీసా ఇంజన్ పక్కన పెట్టకపోవడం వల్లా? విడదీసి చెప్పలేం. సింహభాగం చివరి రెండింటిదే అని మా అనుమానం.

రక్తం తక్కువ, కానీ ఏ రకం?

ఆమె హిమోగ్లోబిన్ 8.9. ఎర్రకణం సైజు, రిపోర్టులో ఎంసీవీ అని ఉంటుంది, 68. మామూలుగా 80 దాటి ఉండాలి. చిన్నకణాలు రెండు కారణాల వల్ల ఎక్కువగా కనిపిస్తాయి: ఐరన్ లోపం, లేదా తలసీమియా జన్యువు మోస్తూ ఉండటం. చేతి లెక్క ఒకటుంది: ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 దాటితే ఐరన్ వైపు, లోపలుంటే తలసీమియా వైపు మొగ్గు. ఆమెది 68ని 4.1తో భాగిస్తే 16.6. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6. ఐరన్ లోపం ఖాయం.

ఆయనకు ఇలాంటి పరీక్ష ఎవరూ రాయలేదు, మగవాడికి రక్తం తక్కువేంటని. హిమోగ్లోబిన్ 12.6, ఎంసీవీ 64, ఎర్రకణాలు 6.2. భాగిస్తే 10 చిల్లర. ఐరన్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ2 అనే రకం 5.2 శాతం వచ్చింది, 3.5 దాటితే తలసీమియా వాహకుడు. ఆయనకు జబ్బేమీ లేదు, జీవితాంతం ఏమీ కాదు. భార్యలో కూడా అదే జన్యువు ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అలాంటి బిడ్డకు నెలల వయసు నుంచే రక్తం ఎక్కిస్తూ బతికించుకోవాలి.

ఇక్కడే మేనమామ సంబంధం లెక్కలోకొస్తుంది. దగ్గరి పెళ్లి వల్ల పిల్లలు పుట్టరనేది అపోహ. కానీ మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. ఆయనకు ఈ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది. ఆయన అక్కకు, అంటే ఆమె తల్లికి, వచ్చి ఉండటానికి సగం అవకాశం. ఆమెకు పావు. ఊళ్లో దారినపోయే మనిషికి ఉండే అవకాశం కంటే ఇది చాలా ఎక్కువ.

ఆమె హెచ్‌పీఎల్‌సీ రిపోర్టులో హెచ్‌బీఏ2 2.3, 'నార్మల్' అని వచ్చింది. చాలాచోట్ల ఫైలు ఇక్కడితో మూసేస్తారు. మూయకూడదు. ఐరన్ బాగా తక్కువైనప్పుడు హెచ్‌బీఏ2 కిందికి జారుతుంది, వాహకురాలు కూడా నార్మల్‌గా కనిపించొచ్చు. ఐరన్ నిండాక మళ్లీ చూడాలి, దానికి మూడు నెలలు. అంటే ఆయన కౌంటు కోసం ఎలాగూ ఆగే మూడు నెలలే.

ఈ మధ్యలో అవ్వ కూడా రక్త పరీక్షకు చేయి చాపింది. పెళ్లయినప్పట్నుంచీ రక్తం తక్కువని ఐరన్ మాత్రలు మింగుతూనే ఉందట, ఎప్పుడూ పెరగలేదట. ఆమె హెచ్‌బీఏ2 5.3. "అయితే ఇది నాకాన్నుంచి పోయిందా నా కొడుక్కి?" అని ఒకటే అడిగింది. అంతవరకు "మగోనికి పరీక్షలేంటికి" అన్న మనిషి, ఆ తర్వాత కొడుకును తానే తోడుకొని రావడం మొదలుపెట్టింది.

సెప్టెంబరులో ఆమె హిమోగ్లోబిన్ 12.1, ఎంసీవీ 81, ఫెరిటిన్ 34, హెచ్‌బీఏ2 2.7. వాహకురాలు కాదు. బిడ్డ వాహకుడయ్యే అవకాశం సగం, మేజర్ భయం లేదు. చివరికి మొదటి రిపోర్టు చెప్పిందే నిజమైంది. అయినా మళ్లీ చేసిన పరీక్ష వృథా అనుకోం. గర్భం నిలిచాక ఈ అనుమానం వస్తే మూడో నెలలో బిడ్డ మాయ నుంచి ముక్క తీసి పరీక్షించాల్సి వచ్చేది.

పోపుల డబ్బాలో మాత్రలు

ఆమెకు థైరాయిడ్ కూడా ఉంది. ఏడాది నుంచి రోజూ 25 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నా థైరాయిడ్ చాలకపోతే పెరిగే టీఎస్‌హెచ్ 6.4 దగ్గరే నిలబడింది. డోసు పెంచడం చేతిలో పనే. పెంచే ముందు, మాత్రలు ఇంట్లో ఎక్కడుంటాయో, ఎలా వేసుకుంటుందో చూపించమన్నాం. రెండోసారి వచ్చినప్పుడు స్టీలు పోపుల డబ్బా తెచ్చింది. ఆవాలు తీసేసిన గిన్నెలో థైరాయిడ్, ఐరన్, కాల్షియం, అన్నీ రేకుల్లోంచి విప్పి కలిపేసి ఉన్నాయి. పొద్దున ఆరింటికి పిడికిట్లోకి తీసుకొని, పాల టీతో ఒకేసారి మింగేస్తుంది. పని ఒత్తిడిలో మరిచిపోకూడదని.

ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మాత్రను కడుపులోనే పట్టేస్తాయి. టీ ఐరన్‌ను పట్టేస్తుంది. కాల్షియం ఐరన్‌కు అడ్డు. నాలుగూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి, ఆమె మాత్రం ఒక్కరోజూ మానలేదు. 'మందులు సరిగా వాడటం లేదు' అని పాత ఫైల్లో రాసుంది. ఆ మాట ఎంత అన్యాయమో ఆ డబ్బా చూస్తే తెలిసింది.

మార్చిన పద్ధతి: లేవగానే ఐదున్నరకు థైరాయిడ్ మాత్ర, నీళ్లతోనే. టీ ఆరున్నర తర్వాతే. ఐరన్ పదకొండింటికి, ఉత్త నిమ్మనీళ్లతో, అటూ ఇటూ గంట టీ లేకుండా. కాల్షియం ప్రస్తుతానికి వద్దు. మాత్రలు రేకుల్లోనే ఉండాలి, థైరాయిడ్ రేకు బ్రష్ పక్కన, ఐరన్ రేకు కుట్టుమిషన్ సొరుగులో. నులిపురుగులకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్కసారి. ఆరు వారాల్లో డోసు పెంచకుండానే టీఎస్‌హెచ్ 3.6కు దిగింది. 50కి పెంచాక సెప్టెంబరులో 2.1. చికిత్సకు ముందు 2.5 లోపు ఉండేలా చూసుకుంటాం. ఫోలిక్ యాసిడ్ జూన్ నుంచే మొదలైంది. గర్భం నిలిచాక వేస్తే బిడ్డ వెన్నుపాము మూసుకునే సమయం దాటిపోతుంది, అది నెలసరి తప్పిన కొద్ది రోజుల్లోనే జరిగిపోయే పని.

బరువు, షుగరు, టీకా

ఆమె ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. స్కాన్‌లో పీసీఓఎస్, అంటే అండం సరిగా పెరిగి విడుదల కాని సమస్య. మూడు నెలల సగటు షుగరు, హెచ్‌బీఏ1సీ, 6.0 వచ్చింది. ఐరన్ లోపం ఉన్నప్పుడు ఆ అంకె లేనిది ఉన్నట్టు పెరగొచ్చు, అందుకే దాన్ని నమ్మకుండా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చూశాం. పరగడుపున 98, రెండు గంటలకు 152. షుగరు కాదు, గడప మీద ఉంది. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములది రాత్రి భోజనం తర్వాత ఒకటి, వారం తర్వాత రెండు పూటలా. ఒక్కసారే రెండు మొదలుపెడితే వికారం వచ్చి మానేస్తారు.

తిండి విషయంలో పెద్ద పట్టికలు ఇవ్వలేదు. ఉగ్గాని సరే, బజ్జీలు వారానికి ఒకసారి. మధ్యాహ్నం అన్నం సగం, మిగతా సగం కొర్రలు. రాత్రి సంగటి ముద్దలు రెండు కాదు, పిడికెడంత ఒక్కటి, పక్కన పప్పో గుడ్డో తప్పనిసరి. నడకకు ఆడమనిషి ఒంటరిగా రోడ్డెక్కితే ఊరంతా అడుగుతుందంది. తోడికోడలితో కలిసి చీకటి పడకముందే చేను దాకా పోయి రావడం కుదిరింది, అటూ ఇటూ నలభై నిమిషాలు. నాలుగు నెలల్లో 62.5 కిలోలు. చూడ్డానికి మూడున్నర కిలోలే, కానీ మొత్తం బరువులో ఐదు శాతం దాటింది, పీసీఓఎస్‌లో నెలసరి దారిలోకి రావడానికి చాలాసార్లు ఆ మాత్రం చాలు. ఆమెకు చివరి రెండు నెలసర్లు 37, 35 రోజులకు వచ్చాయి.

గర్భంలో వస్తే బిడ్డకు హాని చేసే రూబెల్లాకు ఆమె ఒంట్లో నిరోధకత లేదు. 2017లో మొదలైన మీజిల్స్-రూబెల్లా టీకా కార్యక్రమం 15 ఏళ్ల లోపు పిల్లలకే, ఆమె అప్పటికే ఆ వయసు దాటింది. టీకా నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆఖరి డోసు తర్వాత ఒక నెల గర్భం రాకూడదు. ఇది చెప్పగానే ఆయన లేచాడు. "పిల్లోళ్లు కావల్లనే కదా సార్ మేం వచ్చింది, నిరోధ్ వాడమంటారేంది?" అడగాల్సిన ప్రశ్నే. సమాధానం కూడా తేలికే: ఆ రెండు నెలలూ హిమోగ్లోబిన్ ఎనిమిది, తొమ్మిది దగ్గరే ఉంటుంది, టీఎస్‌హెచ్ దిగలేదు, కౌంటు రాలేదు. ఎలాగూ కోల్పోయే రెండు నెలల్లో టీకా పూర్తి చేసుకుంటే నష్టం లేదు. ఇదే టీకా సెప్టెంబరులో గుర్తొచ్చి ఉంటే చికిత్స సంక్రాంతి దాకా వాయిదా పడి, ఆమె సుగ్గికి పోయి ఉండేది.

పాత అండనాళాల (ట్యూబుల) ఎక్స్‌రేలో కుడిది తెరిచి ఉంది, ఎడమది మొదట్లోనే ఆగింది. మొదట్లో ఆగడం చాలాసార్లు నొప్పికి కండరం బిగుసుకోవడమే. ఒకటి తెరిచి ఉంటే మాత్రలకూ ఐయూఐకీ చాలు, మళ్లీ చేయించలేదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు ఇద్దరికీ చేశాం.

మంచం మాట

వేరువేరుగా కూర్చోబెట్టి అడిగితే ఇద్దరూ ఒకటే చెప్పారు: డాక్టరు చెప్పిన రోజుల్లో తప్ప ఏడాదిగా దగ్గర కావడం లేదు. ఆ రోజు పొద్దున్నుంచీ ఆయనకు భయం, రాత్రికి కుదరదు, ఆమె ఏడుస్తుంది, ఆయన లోడు పేరు చెప్పి బయటికి పోతాడు. దీనికి మాత్రలు రాయలేదు. తేదీలు తీసేశాం, అంతే. ఇంట్లో ఉన్నన్నాళ్లు రెండు మూడు రోజులకోసారి, క్యాలెండరు చూడకుండా. ఐయూఐ రోజు కోసం కూడా ముందే చెప్పి ఉంచాం: ఆ పొద్దున నమూనా ఇవ్వలేకపోతే గాభరా పడొద్దు, కాస్త ఆగి మళ్లీ ప్రయత్నించవచ్చు, కావాలంటే ముందే ఒక నమూనా ఫ్రీజ్ చేసి పెట్టుకోవచ్చు.

కాగితాలు

సంతాన చికిత్సల మీద వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఐయూఐ వరకు మాత్రమే చేసేవి లెవెల్ 1 క్లినిక్‌లు, ల్యాబులో పిండం తయారుచేసే ఐవీఎఫ్ చేసేవి లెవెల్ 2. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉందా అని చూసుకోమని చెప్పాం. ఆమెకు 21 నుంచి 50, ఆయనకు 21 నుంచి 55 వయసు ఉండాలి, రాతపూర్వక సమ్మతి ఇద్దరిదీ కావాలి. సంతకం ముందు చదివి వినిపించమని అడిగే హక్కు వాళ్లకుంది, తర్వాత మనసు మార్చుకునే హక్కు కూడా.

ఆమె ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది, ఆయన పేరు రెండు కార్డుల్లో రెండు రకాలు. పెళ్లి రిజిస్టరు కాలేదు. మేనమామ పెళ్లి చెల్లదేమోనని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవడానికి జంకారు. హిందూ వివాహ చట్టం ఆ బంధుత్వాన్ని నిషేధించినా, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. శుభలేఖ, ఫోటో, సాక్షులతో పోతే జులైలో పనైంది. ఇలాంటివి చికిత్స మధ్యలో బయటపడితే ఒక నెలసరి పోయినట్టే.

ఖర్చు రాసిమ్మని అడగమన్నాం. ప్యాకేజీ అంటే ఇంజక్షన్లు లోపలా బయటా, స్కాన్లు ఎన్ని, వీర్య శుద్ధి కలిసిందా, రద్దయితే ఎంత వెనక్కి. కుదువ పెట్టాలనుకున్న బంగారం ఇంకా బీరువాలోనే ఉంది.

మొదలు

సెప్టెంబరు చివర్లో ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చుకున్న క్రమం ఇది: అండం పెరిగే మాత్ర లెట్రోజోల్‌తో పాటు ఐయూఐ మూడు నెలసర్లు. అప్పటికీ రాకపోతే ఎడమ ట్యూబు సంగతి మళ్లీ చూడటం, ఆ తర్వాతే ఐవీఎఫ్ మాట. మూడు నెలసర్లంటే సంక్రాంతికి కాస్త అటూ ఇటూ. ఈసారి సుగ్గికి అవ్వ ఒక్కతే పోతానంది.

అక్టోబరు 17, నెలసరి రెండో రోజు. నెలసరి అటూ ఇటూ అయ్యే వాళ్లకు ప్రతిసారీ చేసినట్టే ముందు మూత్రంలో గర్భ పరీక్ష చేశాం, లేదు. స్కాన్‌లో సిస్టులు లేవు, గర్భాశయపు పొర 4 మిల్లీమీటర్లు. లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు, మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా, రాత్రి పూట. మెట్‌ఫార్మిన్, థైరాయిడ్, ఫోలిక్ అలాగే. మళ్లీ స్కాన్ 12వ రోజు, అంటే 27న, పొద్దున తొమ్మిదికి. 25 నుంచి వారం రోజులు బండి తమ్ముడు తోలతాడు.